దీవిలో అమ్మను లేపిన సాయంత్రం

అది శనివారం, సాయంత్రం ఆరున్నర. జెర్సీ సిటీలో మా చర్చి కింది అంతస్తు వంటగదిలో గోడ గడియారం నేనే చూశాను. ఆ సమయానికి ఆమె దీవిలో ఆదివారం పొద్దున ఆరున్నర. ఇక్కడ పొద్దు కుంగుతుంటే అక్కడ పొడుస్తుంది.

ఆమె ఇండోనేషియావాళ్ల చర్చి ఆవిడ. బిల్డింగ్ ఒకటే. ఆదివారం పొద్దున వాళ్ల ఆరాధన, మధ్యాహ్నం మాది. వంటగది కూడా ఒకటే కాబట్టి శనివారం ఇద్దరమూ వండటానికి దిగుతాం. నాకు డెబ్బై దాటాయి, ఆమెకు అరవై పైన. వృద్ధుల హోమ్‌లో లాండ్రీ పని చేస్తుంది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లిషే. ఆమె మాటలు ఇక్కడ నా తెలుగులో పెడుతున్నాను.

మా స్నేహం ఎండుచేపతో మొదలైంది. ఆమె వేయిస్తుంటే మావాళ్లు ముక్కు మూసుకుని మెట్లెక్కారు. నేను మాత్రం పెనం దగ్గరే నిలబడ్డాను.

"నీకు వాసన రావట్లేదా సిస్టర్?" అంది.

"వస్తోంది కాబట్టే నిలబడ్డాను. ఒక ముక్క ఇటు పెట్టు."

"మీ కారం తిన్న నాలుకకి దీని రుచి తెలుస్తుందా?"

"ముందు పెట్టు, తర్వాత తిట్టు."

వాళ్ల ఊరు దీవి మీద నలభై ఇళ్లు. వారానికి రెండు పడవలు. కొబ్బరి, లవంగాలు, చేపలు. బడి ఆరో తరగతి దాకా. పై చదువుకి పిల్లలు పెద్ద దీవికి పడవెక్కుతారు. ఎక్కినవాళ్లు పెళ్లికి వస్తారు, చావుకి వస్తారు, ఉండటానికి రారు. ఫోన్ అందాలంటే పడవల రేవు దగ్గరికి నడవాలి. ఆ రేవుకి దగ్గరగా ఉన్న ఇల్లు వాళ్లది. ఆ వైపునే సముద్రం తినుకుంటూ వచ్చింది. కొబ్బరిచెట్లు పోయాయి, బావి ఉప్పుబడింది. సర్కారు పెద్ద దీవిలో స్థలాలిచ్చింది. ఒక్కో కుటుంబమే వెళ్లిపోయి, చివరికి ఆమె తమ్ముడి ఇల్లు మిగిలింది.

వాళ్లు చచ్చిపోయినవాళ్లని ఇంటి ముందే పాతుకుంటారు. సమాధికి పలకరాళ్లు అతికించి, దానిమీదే కూర్చుని లవంగాలు ఏరుకుంటారు. వాళ్లకి మరొక పద్ధతి ఉంది. పెద్దబిడ్డ తన నోటితో అడిగితే తప్ప సమాధి మీద గడ్డపార వేయరు. "అమ్మా, లే, పోదాం" అని మూడుసార్లు అడగాలి. అడగకపోతే అక్కడే వదిలేస్తారు.

పెద్దబిడ్డ ఈమె. ఈ దేశంలో ఉండనివ్వమని పెట్టుకున్న ఈమె కేసు ఇంకా నడుస్తోంది. దేశం దాటితే మళ్లీ రానివ్వరు. అందుకని తమ్ముడు వీడియో కాల్ చేశాడు. పడవ సిద్ధంగా ఉంది, పోటు దిగేలోపు బయల్దేరాలి. అది ఆఖరి పడవ. గంట టైమ్ కూడా లేదు.

ఆమె ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టింది. నీలం పలకరాళ్లు కనిపించాయి. ఒక మూల ఇసుక జారి కిందికి వంగింది. వెనక నీళ్లు. నేను చూసిన నీళ్లలాంటివే.

"అక్కా, అడుగు" అన్నాడు తమ్ముడు.

ఆమె అడగలేదు. నావైపు తిరిగింది.

"మా నాన్న చేపలకెళ్లి రాలేదు. శవం దొరకలేదు. అమ్మని సముద్రంవైపు తల పెట్టి పాతాం, ఆయన వస్తే కనబడాలని. అమ్మని తీసుకుపోతే నాన్న ఎవరినడుగుతాడు?"

"మీ నాన్న రాడు. నలభై ఏళ్లు రానివాడు ఇవాళొస్తాడా?" అన్నాను. నాకు మెత్తగా చెప్పడం చేతకాదు.

మా చర్చిలో అందరం చిన్నకోడలు అని పిలిచే అమ్మాయి పక్క స్టవ్ మీద ఉల్లిపాయలు వేయిస్తోంది. "ఆంటీ, ప్లీజ్, అలా అనకండి" అంది.

"నువ్వు స్టవ్ చూస్కో."

అప్పుడు ఎవరికీ చెప్పనిది చెప్పాను. మాదీ సముద్రపు ఒడ్డు ఊరే. ఇప్పుడు లేదు. నా రెండో పిల్ల నాలుగేళ్లకే జ్వరంతో పోతే చర్చి వెనక పాతాం. ఏళ్ల తర్వాత సముద్రం ఆ దొడ్డిదాకా వచ్చింది. ఆఫీసువాళ్లు టార్పాలిన్ కింద కూర్చుని రెండు కాగితాలు పెట్టారు. సమాధి జరపమంటే ఒకటి, వద్దంటే ఒకటి. "చదివి వినిపించనా అమ్మా?" అని అడిగాడు గుమాస్తా. వెనకాల మా వీధివాళ్లంతా ఉన్నారు. చదువురానిదాన్నని వాళ్ల ముందు ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. "నాకు తెలుసులే" అని దగ్గరున్న కాగితం మీద సంతకంలా ఒక గీత గీశాను. అది వద్దనే కాగితం. ఆ వానాకాలంలోనే దొడ్డి పోయింది. యాభై మూడేళ్లకి పాస్టరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను. మొదట రాయడం నేర్చుకున్న పేరు ఆ పిల్లదే. పెట్టడానికి రాయి లేదు.

"ఆ పిల్ల వస్తుందా?" అని అడిగింది ఆమె.

వస్తుంది. ఇరవై ఏళ్లుగా వస్తోంది. జుట్టు తడిసి ఉంటుంది. ఏమీ అడగదు, గుమ్మం దగ్గర నిలబడి నీళ్లు కారుస్తుంది. ఈ దేశానికొచ్చి పదో అంతస్తులో ఉంటున్నా వస్తోంది. కూతురికి చెబితే డాక్టర్ అపాయింట్‌మెంట్ బుక్ చేస్తుందని చెప్పలేదు.

"వస్తుంది. నువ్వు అడుగు" అన్నాను.

ఫోన్‌లో పడవవాడు ఏదో అరిచాడు. ఆమె చేతులు కడుక్కుంది, తుడుచుకుంది. వాళ్ల భాషలో పిలిచింది. మొదటిసారి తమ్ముడు వినబడలేదన్నాడు. రెండోసారి చిన్నపిల్ల పిలిచినట్టు పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు చిన్నకోడలు స్టవ్ ఆపేసింది.

గడ్డపార పడింది. పలకరాళ్లు పగిలాయి. కాసేపు తవ్వారు. ఉన్నట్టుండి గడ్డపారలు ఆగాయి. తమ్ముడు ఫోన్ ఆకాశంవైపు తిప్పాడు.

"తిప్పకు! చూపించు!" అని అరిచింది.

చూపించాడు. గోతిలో నీళ్లున్నాయి. ఎప్పుడు వచ్చిందో, సముద్రం కిందినుంచి వచ్చేసింది. అతను ఫోన్ భార్య చేతికిచ్చి, భుజందాకా చెయ్యి పెట్టి వెతికాడు. ఇసుక వచ్చింది. మళ్లీ పెట్టాడు. ఇసుకే.

"ఆలస్యం చేశాను. నేను అడగకముందే లేచి వెళ్లిపోయింది" అంది ఆమె.

నాన్న దగ్గరికే వెళ్లిందిలే అనొచ్చు. అది నాకు తెలియదు. తెలియనిది తెలుసని ఒకసారి అన్నాను, చాలు.

"ఆ ఇసుకే తీసుకో" అంది తమ్ముడితో. అతను తెచ్చిన చిన్న పెట్టెలో తడి ఇసుక నింపి మూత పెట్టాడు. మూత పెట్టే ముందు అక్కడున్నవాళ్లందరి పేర్లూ వినిపించాలట, ఎవరితో వెళుతోందో పోయినవాళ్లకి తెలియాలని. పెట్టెలో ఎవరూ లేరని అందరికీ తెలుసు. అయినా వినిపించారు. చిన్నకోడలి పేరూ నా పేరూ ఆమే పలికింది, నా పేరు తప్పు పలికింది. నేను దిద్దలేదు.

ఇది రాసిపెట్టమని ఆమే అడిగింది. పేర్లు రాయను, మనుషుల్ని రాస్తాను. ఆ దీవి మీద: ఆమె తమ్ముడు, అతని భార్య, వాళ్ల చర్చి పెద్ద, గడ్డపారలు పట్టిన ముగ్గురు, పడవవాడు. ఈ వంటగదిలో: ఆమె, మా చిన్నకోడలు, నేను. ఆమె తల్లిని కూడా రాయమంది. ఉందో లేదో నాకు తెలియదని చెప్పాను. "అయినా రాయి" అంది. రాశాను.