ఆగిపోయిన జీలకర్ర బెల్లం

మాది ధవళేశ్వరం. నిరుడు నా తుంటి విరగడంతో బెంగళూరులో మనవరాలి పెళ్లిని ఫోన్‌లోనే చూడాల్సి వచ్చింది. తేదీ, ముహూర్తం చెప్పి మరీ కేబుల్ సత్తిబాబు చేత నెట్ పెట్టించుకున్నాను. "అన్‌లిమిటెడ్ మామ్మగారూ, పూచీ నాదండి" అన్నాడు.

సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టబోతుండగా బొమ్మ ఆగిపోయింది. మళ్లీ కదిలేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి.

సత్తిబాబుకు ఫోన్ చేశాను.

"పెళ్లికూతుర్ని చేసింది మొదలు అన్నీ చూశారు కదండీ, ఎఫ్‌యూపీ లిమిట్ దాటేసింది. ఆపైన నెట్ నెమ్మదిస్తుందండి."

"ఎఫ్‌యూపీ అంటే ఏంటి?"

"ఫెయిర్ యూసేజ్ పాలసీ అండి. న్యాయంగా వాడుకోవడం."

"న్యాయమా! మన కాలువకు నీళ్లు కట్టేసే తేదీ కూడా ముందే చెబుతారు కదయ్యా!"



సాయంత్రం మనవరాలు, "చూశావా అమ్మమ్మా?" అని అడిగింది.

ఎవరితోనూ అబద్ధమాడని నేను, "కళ్లారా చూశానమ్మా" అన్నాను. సత్తిబాబును క్షమించలేనిది అందుకే.