వెనక సగం

మా మామయ్య వడ్రంగి. నాకు ఊహ తెలిసేనాటికి కొట్లకి అలమరలూ, ఇళ్ళకి కిటికీలూ చేస్తుండేవాడు. ఎవరైనా ఆయన పనిని మెచ్చుకుంటే చాలు, "ఇదేం పని లెండి, నేను కట్టిన కారు చూడాలి మీరు" అని మొదలుపెట్టేవాడు. వడ్రంగేమిటి, కారు కట్టడమేమిటని వినేవాళ్ళు నవ్వు ఆపుకునేవారు. అత్తయ్యయితే "అదిగో, కారెక్కాడు మీ మామయ్య" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆయన కోతలు కొయ్యలేదు. పాతకాలపు ఖరీదైన కార్లకి ఇంజనూ చక్రాలూ ఒక కంపెనీ పంపితే, పైన బాడీని కొన్నవాళ్ళు తమ ముచ్చట కొద్దీ వేరేచోట చేత్తో కట్టించుకునేవారట. లోపల చెక్క చట్రం, దానిమీద తొడిగిన అల్యూమినియం రేకు. మామయ్య చెప్పే కారుని మొదట కొన్నది ఒక గని యజమాని. ఆయన కాళ్ళు పొడుగని వెనక సీటు ముందు జానెడు చోటు ఎక్కువ వదిలి కట్టారు. గని మూతపడ్డాక అది ఒక డాక్టరు చేతికొచ్చింది. ఓ వానరోజు రోడ్డు పక్కన ఆగి ఉన్న కారుని వెనకనుంచి లారీ గుద్దేసింది. వెనక సగం నుజ్జునుజ్జయింది.

పాత ఇనుము కింద అమ్మేయమన్నారు అందరూ. డాక్టరుకి మనసొప్పలేదు. అప్పుడు ఆయన ఇంట్లో మందుల బీరువా చేస్తున్న మామయ్యని పిలిచి, "నీ వల్ల అవుతుందా?" అని అడిగాడు. మామయ్యకి ఇరవయ్యారేళ్ళు, ఏదడిగినా అవుతుందనే వయసు. విరిగిన చెక్కలన్నీ నేలమీద పేర్చి, ఒక్కో వంపునీ కొలిచి, అలాంటి ముక్కలే చెక్కి, ఇనప మేకు లేకుండా కర్ర మేకులతో బిగించాడు. పదకొండు నెలలు పట్టింది. డాక్టరు పెట్టిన షరతు ఒక్కటే, ఏది పాతదో ఏది కొత్తదో ఎవరికీ తెలియకూడదు. తెలియలేదు కూడా. మామయ్య జీవితంలో గొప్పగా చెప్పుకునే పని అదొక్కటే, దానికి సాక్ష్యం మాత్రం లేకుండా పోయింది.

డాక్టరు పోయాక కారుని ఒక హోటలువాళ్ళు కొన్నారు. వాళ్ళ దగ్గర్నుంచి కొన్నాయన షెడ్డులో పడేస్తే, వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెట్టాయి. చివరికి పాత కార్లు పోగుచేసే ఒక పెద్దమనిషి కొని, మళ్ళీ కొత్తదానిలా చేయించడానికి వర్క్‌షాపుకి ఇచ్చాడు. దాని చరిత్ర తెలిసినవాళ్ళు రావాలని పేపర్లో ప్రకటన వేయించాడు. అది చూసి ఎగిరి గంతేసింది నేనే.

"పద మామయ్యా, ఇన్నాళ్ళూ నవ్వినవాళ్ళ నోళ్ళు మూయిద్దాం" అని లాక్కెళ్ళాను.

వర్క్‌షాపు ఆసుపత్రిలా శుభ్రంగా ఉంది. రేకులన్నీ విప్పేసిన కారు మధ్యలో నిలబడి ఉంది. మేనేజరు టార్చి వేసి చూపిస్తూ, "చట్రమంతా మొదటిదే మేస్త్రిగారూ. ఎక్కడా అతుకు కనబడలేదు" అన్నాడు. మామయ్య ముఖం చిన్నబోయింది. అప్పుడు ఆయన ఊరుకున్నా బాగుండేది. నేను ఊరుకోనిచ్చానా? మోచేత్తో పొడిచాను. "చెప్పు మామయ్యా!"

మామయ్య సుద్దముక్క అడిగి తీసుకుని మోకాళ్ళమీద కూర్చున్నాడు. "ఇది నాది. ఇదీ నాదే" అంటూ గుర్తులు పెడుతూ పోయాడు. మేనేజరు చెయ్యి పట్టుకుని అతుకులమీద పెట్టి, "కంటికి దొరకదండీ, వేలికి దొరుకుతుంది" అన్నాడు. ముప్ఫయ్యొక్క ముక్కలు. మేనేజరు అన్నిటికీ ఫోటోలు తీసుకున్నాడు, కుర్చీ వేయించి టీ తెప్పించాడు, అంతా ఈ కారు చరిత్రమీద వేయబోయే పుస్తకంలో రాస్తామన్నాడు. తిరుగు బస్సులో కండక్టరుతో సహా అందరికీ ఆ సంగతి తెలిసిపోయింది.

రెండు వారాలకి ఫోన్ వచ్చింది. కారు కొన్న సారుకి అది మొదటిరోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలట. తర్వాత చేరిందేదీ ఉండకూడదట. "మీరు చూపించకపోతే మాకు తెలిసేదే కాదమ్మా, చాలా థాంక్స్" అన్నాడు మేనేజరు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అందులో చెడిపోయిందేముంది? నలభై ఏడేళ్ళు నిలబడిందే!"

"చెడిపోలేదమ్మా. బ్రహ్మాండంగా ఉంది. కానీ మొదటిది కాదు కదా. సారు మాట."

సారుతో మాట్లాడతానన్నాను. సారు ఫోన్లో మాట్లాడరట. ఇంతకీ అతను ఫోన్ చేసింది అది చెప్పడానికి కాదు. అతుకులు ఊడిరావడం లేదు. రంపంతో కోద్దామంటే పక్కనున్న మొదటి చెక్క దెబ్బతింటుంది. మేస్త్రిగారు ఒక్కసారి వచ్చి విప్పిపెడతారా అని.

"వెళ్ళకు మామయ్యా. కోసుకుంటే కోసుకోనీ, వాళ్ళ ఖర్మ" అన్నాను.

"కోస్తే పక్కది పాడవుతుందే. అది చెక్కినవాడెవడో, వాడేం పాపం చేశాడు?" అని మామయ్య పనిముట్ల సంచీ తీశాడు.

పదకొండు నెలల పని పొద్దున టీకీ మధ్యాహ్నం భోజనానికీ మధ్య ఊడిపోయింది. మేకుల్ని ఏ వైపునుంచి తట్టాలో ఆయనకొక్కడికే తెలుసు. తీసిన ప్రతి ముక్కకీ మేనేజరు నంబరు చీటీ కట్టాడు. ఒక్కటివ్వమని బతిమాలాను. "అన్నీ సారువే అమ్మా, స్టోరులో పెట్టాలి" అన్నాడు పాపం, తలొంచుకుని. ఎవరిమీద అరవాలో తెలియలేదు. అసలు చెప్పు చెప్పు అని పొడిచింది నేనే. అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

ఆర్నెల్లకి పోస్టులో పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, ఒక్కో యజమానికీ ఒక్కో పేజీ. కోళ్ళ షెడ్డుకి కూడా ఫోటో ఉంది. డాక్టరు పేజీలో చివరి వాక్యాన్ని దాటేసి తిప్పబోయాను. మామయ్య వేలు పెట్టి ఆపాడు. "ఇక్కడ వడ్రంగి అని ఉందేమిటి? చదువు."

చదివాను. "ప్రమాదం తరువాత ఒక వడ్రంగి చేసిన మార్పులు ఈ పునరుద్ధరణలో పూర్తిగా తొలగించబడ్డాయి."

ఇంకోసారి చదవమన్నాడు. మళ్ళీ చదివాను.

"తొలగించింది కూడా ఆ వడ్రంగే అని రాయాల్సింది కదే," అన్నాడు మామయ్య. "ఒక్క ముక్క విరగలేదు."