వెనక్కి రాని డ్రాయింగు

రిటైరైన రోజు మైకు పట్టుకుని మరీ చెప్పాను, ప్లాంటు డిజైన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నా డ్రాయింగు ఒక్కటి కూడా తప్పుందని వర్క్‌షాపు నుంచి వెనక్కి రాలేదని. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట మా ఆవిడకి ఇప్పటికి వందసార్లు చెప్పి ఉంటాను.

ఆ ధైర్యంతోనే ఇంట్లో కూర్చుని ఇంజను గీయడం మొదలుపెట్టాను. పాత మోటార్ సైకిళ్ళ సిలిండర్లు రెండు, 'వి' ఆకారంలో. క్రాంక్ షాఫ్టూ, దాన్ని పిస్టన్లకు కలిపే కనెక్టింగ్ రాడ్లూ, సిలిండర్లు కూర్చునే పెట్టే మాత్రం సొంతంగా చేయించాలి. రెండు రాడ్లనూ షాఫ్టుకుండే ఒకే పిన్ను మీద కూర్చోబెడితే షాఫ్టు పొట్టిగా, గట్టిగా వస్తుంది. మూడు నెలలు డైనింగ్ టేబుల్ మీదే గీశాను. మా ఆవిడ ఒళ్ళో కంచం పెట్టుకుని తినేది.

పని ఇచ్చింది మా ప్లాంటులోనే టర్నర్‌గా చేసి, ఇప్పుడు పాశమైలారం దారిలో సొంత లేతు మిషను పెట్టుకున్న లక్డారం ఊరి మనిషికి. చేతిపనికి వంక పెట్టలేం. నోటితోనే చావు. ఏది అడిగినా "చూద్దాం తియ్ సార్" అంటాడు. ఫోన్ చేస్తే "అయితది సార్". వెళ్తే లేతు మీద వేరేవాళ్ళ పని. ఒక్కసారి మాత్రం డ్రాయింగు మీద వేలు పెట్టి, "సార్, ఈ రెండు రాడ్లు ఒక్కతాన్నే ఎట్ల కూసుంటయి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. గీసింది గీసినట్టు చెయ్యి చాలని అరిచాను. "సరే సార్" అన్నాడు.

నాలుగు నెలలు తిప్పి, పని అయింది రమ్మన్నాడు. సిలిండర్లు కూర్చునే పెట్టెకి స్కేలు పెట్టి చూద్దును కదా, రెండు రంధ్రాలూ ఒకే గీత మీద లేవు. ఒకటి పద్దెనిమిది మిల్లీమీటర్లు పక్కకి జరిగి ఉంది! ఆ మనిషిని నేను అనని మాట లేదు. డ్రాయింగు అతని మొహం ముందు ఆడించాను.

అతను చేతులు తుడుచుకుని ఒక రాడ్డు పిన్నుకి తొడిగాడు. దాని పక్కనే రెండోది తొడిగాడు. రాడ్డు మందం పద్దెనిమిది. షాఫ్టు తిప్పితే రెండూ వాటి వాటి సిలిండర్లలోకి సూటిగా వెళ్ళి వచ్చాయి. నేను డ్రాయింగు చూసుకున్నాను. ముందు నుంచి కనిపించే బొమ్మనే మూడు నెలలు దిద్దుకుంటూ పోయాను. పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయనే లేదు. నేను గీసినట్టు రంధ్రాలు ఒకే గీత మీద ఉంటే, ఒక రాడ్డు రెండోదాంట్లోంచి దూరి వెళ్ళాలి.

సిగ్గేసింది. సిగ్గు కంటే కోపం ఎక్కువొచ్చింది. "మరి చెప్పి చావొచ్చు కదయ్యా!" అన్నాను.

"అడిగిన గద సార్. మీరు గరమైన్రు. ప్లాంట్ల గుడ గంతే గద. మీ డ్రాయింగ్ల తప్పుంటే మేమే జెర సరిజేసుకునేటోళ్లం. వాపస్ పంపితే మీతోని లొల్లి ఎవలు వడ్తరు?"

"ఎన్నిసార్లు?"

"గవన్ని ఎవలు లెక్కవెట్టిన్రు సార్" అని నవ్వి, టీ చెప్పాడు.

నేను రిటైరైన రోజు చప్పట్లు కొట్టినవాళ్ళలో ఇతనూ ఉన్నాడు.

ఇంటికొచ్చి డ్రాయింగు సరిదిద్దాను. మర్నాడు తీసుకెళ్ళి, అడుగున 'సరిచూసినవారు' అన్న గడి చూపించి సంతకం పెట్టమన్నాను. ప్లాంటులో ఆ గడిలో ఎప్పుడూ నా సంతకమే ఉండేది.

"నాకెందుకు సార్" అన్నాడు.

పెట్టమని అరిచాను.