పర్చూరు తోడి

మా మామగారు పోయిన సంగతి నాకు బస్సు కండక్టరు చెప్పాడు. ప్రత్తిపాడులో మా పుట్టింట్లో నాలుగు రోజులుండి, ఒళ్ళో గోంగూర పచ్చడి జాడీ పెట్టుకుని పొద్దున్నే పర్చూరు బస్సెక్కాను. కండక్టరు నా దగ్గరకు వచ్చి, "మీకింకా తెలియదనుకుంటానమ్మా. మేళం మామయ్యగారు నిద్రలోనే పోయారంట. అటునుంచి వచ్చిన మొదటి బస్సు వాళ్ళు చెప్పారు" అన్నాడు. తర్వాత డ్రైవరు దగ్గరకు వెళ్ళి ఏదో చెప్పాడు. ఆ రోజు మా ఊరు వచ్చేదాకా, దారిలో చెయ్యెత్తిన వాళ్ళకి కూడా బస్సు ఆగలేదు.

ఆ దారిన తిరిగే కండక్టర్లందరికీ మామగారు తెలుసు. ఇరవై ఏళ్ళపాటు ఆయన వాళ్ళని అడిగింది ఒకటే ప్రశ్న. "మేళం ఏ ఊళ్ళో దిగింది?"

మేళం అంటే ఏదో ఒక మేళం కాదు, అన్నదమ్ముల మేళం. పెద్ద సాయిబుగారు, చిన్న సాయిబుగారు, ఇద్దరివీ సన్నాయిలే. వెనక రెండు డోళ్ళు, ఒక శ్రుతి. ఒకరు ఎత్తుకున్న రాగాన్ని ఇంకొకరు అందుకుని, ఎటు పోతున్నారో వాళ్ళకే తెలియకుండా పోయిపోయి, చివరికి ఇద్దరూ ఒక్కచోట తేలేవాళ్ళు. ఒకసారి వాయించినట్టు ఇంకోసారి వాయించేవాళ్ళు కాదు. గుళ్ళో పూజారులు హారతి పళ్ళెం పట్టుకుని వాళ్ళు ఎప్పుడు ముగిస్తారా అని చూస్తూ నిలబడేవారు.

మామగారు మిరప, పత్తి వేసే రైతు. చదివింది నాలుగో తరగతి. ఏ వాద్యమూ చేతబట్టి ఎరగరు. అయినా మేళం మార్టూరులో ఉందంటే మార్టూరు, చీరాలలో ఉందంటే చీరాల. చేలో పత్తి పగిలి తెల్లగా నవ్వుతుంటే మా అత్తగారు కూలీలను పెట్టుకుని తీయించుకునేది. కాపరానికి వచ్చిన కొత్తలో ఆవిడ నాతో అన్న మొదటి మాట ఇదే. "మీ మామగారికి నేను రెండో పెళ్ళాన్నే. మొదటిది ఆ మేళం. నా సవతి ఊళ్ళోకొచ్చిన రోజు నేను ఇంట్లో ఉన్నానో లేనో కూడా ఆయనకి పట్టదు."

ఎన్ని పెళ్ళిళ్ళకి వెళ్ళినా ఆయన పరాయి విస్తరి ముందు కూర్చోలేదు. కారియరులో పెరుగన్నం, ఊరుమిరపకాయలు పెట్టించుకుని వెళ్ళి, పందిరి చివరి రాట దగ్గర కూర్చుని తినేవారు. పెళ్ళివారు చూసి నొచ్చుకుని రమ్మంటే, "నేను పెళ్ళికి రాలేదండీ, మేళానికొచ్చాను. పిలవని చోటికి పోవటం వేరు, తినటం వేరు" అనేవారు. ఈ మాట మా ఇంట్లో సామెత అయిపోయింది.

నా పెళ్ళిచూపుల్లో కూడా ఆయన నన్ను పాడమనలేదు, నడవమనలేదు. మేళం ఎవరిదని మా నాన్నని అడిగారు, అంతే. మా నాన్న మా ఊరి మేళం పేరు చెప్పేసరికి ముఖం చిట్లించి, మేళం నేను తెస్తానన్నారు. తీరా చూస్తే ఆ మేళం ఖాళీగా ఉన్న రోజున ముహూర్తం లేదన్నారు పురోహితులు. మళ్ళీ చూడండి అన్నారు మామగారు. మూడోసారి పంచాంగం తిప్పేసరికి పురోహితులే విసిగిపోయి ఎక్కడో ఒక ముహూర్తం పట్టుకొచ్చారు. ఇన్నేళ్ళ కాపరంలో నాకూ మా ఆయనకూ పెద్ద గొడవలేమీ రాలేదు గనక అది మంచిదే అయి ఉండాలి.

ఆయనకి ఇంకో అలవాటుంది. విన్న ప్రతి రాగానికీ ఊరి పేరు తగిలించేవారు. మార్టూరు మోహన, చీరాల కల్యాణి. మా పెళ్ళిలో వాళ్ళు వాయించింది కాంభోజిట. అందుకని మా ఇంట్లో నా పెళ్ళిని ఎవరూ పెళ్ళి అనరు, ప్రత్తిపాడు కాంభోజి అంటారు. "పెద్దాడు పుట్టింది ప్రత్తిపాడు కాంభోజి అయిన రెండో ఏడు" అని మా ఆయన కూడా లెక్క చెబుతారు.

అన్నిటిలోకీ ఆయనకి ప్రాణం పర్చూరు తోడి. పర్చూరులో ఒక పెళ్ళికి మగపెళ్ళివారి బస్సు దారిలో చెడిపోయింది. వచ్చిన చుట్టాలు లేచిపోతారేమోనని ఆడపిల్ల తండ్రి మేళం ముందు నిలబడి చేతులు జోడించాడు. పెద్ద సాయిబుగారు తోడి ఎత్తుకున్నారు. రెండు గంటల తర్వాత బస్సు వచ్చింది, పెళ్ళికొడుకు దిగాడు, మేళం మాత్రం ఆగలేదు. ఒకచోట రాగం పైకంటా ఎక్కి, ఇక దిగుతుందనుకునే వేళ పక్కకి తిరిగిందట. మామగారు మిరపచేలో నడుస్తూ ఆ తోడినే కూనిరాగం తీస్తూ, సరిగ్గా ఆ మలుపు దగ్గర చూపుడు వేలు పైకెత్తేవారు. "అదిగో, అక్కడ తిరిగాడమ్మాయ్!"

నాకు తోడికీ తోటకూరకీ తేడా తెలియదు. ఆ మాటే చెప్పాను. కల్లంలో కూర్చుని ఇద్దరం తాలుకాయలు ఏరుతున్నాం అప్పుడు. ఎర్రటి రాశిలోంచి తెల్లబడ్డ కాయని చూడకుండానే వేళ్ళతో పట్టేస్తున్నాను నేను. ఆయన నా చేతికేసి చూసి, "తాలుకాయ ఏరటం వచ్చినదానికి రాగం రాకపోవటమేంది? చెవిని కూడా అట్టాగే రాశిలో పెట్టు" అన్నారు. నాలుగేళ్ళు పట్టింది. అయినా వచ్చింది. ఇప్పుడు నేను ఏ పందిట్లో ఏ సన్నాయి విన్నా చెవి దానంతటదే రాశిలోకి దిగుతుంది. అది ఆయన నాకిచ్చిన చదువు.

ఒక వేసవిలో పెద్ద సాయిబుగారు కాలం చేశారు. చిన్న సాయిబుగారు తన సన్నాయిని గుడ్డలో చుట్టి గూట్లో పెట్టేశారు. ఎవరు అడిగినా తియ్యలేదు. మామగారు నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత, పెద్దాయన పేరు మీద ఏటేటా శిష్యులచేత కచేరీ పెట్టిస్తానని లేచారు. ఆయన అసలు కోరిక మాత్రం వేరే. చిన్నాయన చేత మళ్ళీ సన్నాయి పట్టించాలి.

మొదటి ఏడు కచేరీ మా మిరప కల్లంలోనే పెట్టారు. కాయలు ఎత్తేశాం, ఖాళీగా ఉంది గదా అని పేడతో అలికించి పందిరి వేయించారు. మిరపకాయల మధ్య పుట్టి పెరిగిన మాకు ఆ ఘాటు గుర్తే ఉండదు. కడుపు నిండా గాలి పీల్చి ఊదాల్సినవాడి గతి ఏమిటి? శిష్యులు ఎత్తుకోవటం, దగ్గటం, మళ్ళీ ఎత్తుకోవటం. చివరికి డోళ్ళు మాత్రమే మిగిలాయి. మామగారు తలెత్తలేకపోయారు. వెనక వరసలో చిన్న సాయిబుగారు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, "అన్న ఉంటేనా, ఆ దగ్గునే పల్లవి చేసేవాడు" అని నవ్వారు. అన్న పోయాక ఆయన నవ్వటం అదే మొదలని వాళ్ళ వాళ్ళు చెప్పుకున్నారు.

ఆ నవ్వుతో మామగారికి ఆశ పుట్టింది. రెండో ఏడు కచేరీని పత్తి మిల్లు ఆవరణలోకి మార్చారు. శిష్యులని నెల రోజులు మా ఇంటికి రప్పించి, పర్చూరు తోడిని తను కూనిరాగం తీస్తూ ముక్క ముక్కా నేర్పించారు. వాళ్ళు అచ్చం అట్లాగే వాయించారు. ఆ మలుపు దగ్గర మామగారి వేలు లేచింది, సన్నాయి సరిగ్గా అటే తిరిగింది. జనం చప్పట్లు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆయన పరుగున చిన్న సాయిబుగారి దగ్గరకి వెళ్ళి ఎట్టా ఉందని అడిగారు.

చిన్న సాయిబుగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఆ రోజు మా అన్న అక్కడ తిరిగింది, ముందుకి దారి దొరక్క. వీళ్ళు దారి తెలిసి తిరిగారు. ఇది మా అన్న కాదండీ, మీరు. ఇంక నన్ను పిలవబాకండి."

ఆ ఏడాదంతా మామగారి నోట కూనిరాగం లేదు. ఇల్లు బోసిపోయింది. ఒకరోజు మజ్జిగ ఇవ్వబోతే గ్లాసు అందుకోకుండా అన్నారు. "ఇరవై ఏళ్ళు విన్నానమ్మా. విన్నదంతా మూటగట్టుకున్నాను గాని, ఆయన చేసిందేందో తెలుసుకోలేకపోయాను." ఆయన మీద నాకు ఎప్పుడూ లేనంత జాలేసింది. గ్లాసు అరుగు మీద పెట్టి లోపలికి వచ్చేశాను.

మూడో ఏడు శిష్యులకి ఒక్కటే చెప్పారు, తనకి తెలిసింది ఏదీ వాయించవద్దని. కారియరు పట్టుకుని చిన్న సాయిబుగారి ఊరు వెళ్ళారు. మా ఆయనా నేనూ కూడా వెళ్ళాం. మామగారు ఏమీ అడగలేదు. వాళ్ళ అరుగు మీద కూర్చుని, మధ్యాహ్నం కాగానే కారియరు విప్పారు. సాయిబుగారి భార్య చూసి, మా గుమ్మంలో కూర్చుని మీ అన్నం తింటారా అని కోప్పడింది. పిలవని చోట తిననన్నారీయన. లోపల్నుంచి చిన్న సాయిబుగారు వచ్చి, కాసేపు చూసి, "లేవండి, లోపలికి రండి, తిందాం" అన్నారు.

మామగారు కారియరు మూత పెట్టేశారు. "మీరు నన్ను పిలిచారు. ఇప్పుడు నేను మిమ్మల్ని పిలుస్తున్నాను. వాయించొద్దు, ఊరికే రండి."

ఆయన వచ్చారు. కచేరీ రోజు శిష్యులు, చెప్పేవాళ్ళు లేక, తడబడ్డారు. ఒకతను పైకెక్కి, దిగే దారి తెలియక ఆగిపోయాడు. చిన్న సాయిబుగారు లేచి వెళ్ళి అతని చేతిలో సన్నాయి తీసుకున్నారు. చొక్కా జేబులోంచి, సన్నాయి మొనకి పెట్టి ఊదే తన పీక తీసి దానికి తగిలించారు. ఇన్నేళ్ళూ దాన్ని జేబులోనే పెట్టుకు తిరిగారన్నమాట! అతను ఆగిన చోటే ఎత్తుకుని గంటన్నర వాయించారు. అది ఆయన అన్నగారిలా లేదు. ఎవరిలానూ లేదు. మామగారి వేలు ఒక్కసారి కూడా లేవలేదు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని పసివాడిలా ఏడుస్తూ విన్నారు.

బండిలో ఇంటికి వస్తూ, దీనికేం పేరు పెడదామని అడిగాను. "పేరు పెట్టబాకమ్మా. పెడితే మళ్ళీ దాన్నే అడుగుతాను" అన్నారు.

ఈ ఏటి కచేరీ ఇంకో నెలలో ఉందనగా మామగారు పోయారు. ఏటిసూతకం ఉన్న ఇంటివాళ్ళు మంగళవాద్యం పెట్టించకూడదని ఊరి పెద్దలు చెప్పారు. మా ఆయన సరేనని తలూపేశారు. గోడవారన కూర్చున్న అత్తగారు మాత్రం ఊరుకోలేదు. "నేనేడిచాను. నా సవతి ఏడవొద్దా? రమ్మనండి." పెద్దలు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు.

మొన్న మా ఇంటి ముందే పందిరి వేశారు. అత్తగారు పెరుగన్నం, ఊరుమిరపకాయలు సర్ది, కారియరుని చివరి రాట దగ్గర తన చేత్తోనే పెట్టి వచ్చింది. చిన్న సాయిబుగారు దానికేసి ఒకసారి చూసి సన్నాయి ఎత్తారు. నాలుగు స్వరాలకే నాకు తెలిసిపోయింది. పర్చూరు తోడి. అదే ఎత్తుగడ, అదే నడక. పైకి, ఇంకా పైకి ఎక్కింది. మలుపు దగ్గరపడేసరికి నా చూపుడు వేలు నాకు తెలియకుండానే లేచింది.

ఆయన అటు తిరగలేదు. మేమెవరమూ ఎన్నడూ వినని దారిన నేరుగా పోయారు. అత్తగారు నా వేలి వంక చూస్తోంది. నేను దించలేదు.