గేట్ల బాబాయి పొగగొట్టం

ఆ వీధిలో ఏ ఇంటి గేటు తోసినా గేట్ల బాబాయి చేతిపనే. గేట్లు, కిటికీ చట్రాలు, మెట్ల కమ్మీలు తప్ప జన్మలో మరో పని చేసి ఎరగడు మహానుభావుడు. ఆయన ఒక అతుకు పెట్టాడంటే ఇంటివాళ్లు ఇక దాని సంగతి మర్చిపోవచ్చు. అలాంటివాడి కొట్టు మూతపడింది. తయారుగా ఉన్న గేట్లు లారీల్లో దిగుతుంటే, కొలతలు తీసుకుని నెల్లాళ్లు తిప్పే మనిషి ఎవరికి కావాలి చెప్పండి?

ఇక మిగిలినవి వెల్డింగు మిషనూ, పాత కారూ, భార్యా. ఆయన చెప్పే వరస అదే. "మూడోస్థానమైనా దక్కింది, అదే పదివేలు" అనేది ఆవిడ.

ఉద్యోగం కోసం కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. ఆయన వయసు చూసి అందరూ మంచినీళ్లిచ్చి పంపేవారే. చివరికి ఒక ఆస్పత్రివాళ్లు మాత్రం, నర్సుల్ని పొద్దున్నే ఇళ్ల నుంచి తెచ్చి సాయంత్రం దింపే పని ఇస్తామన్నారు. కారు మీ సొంతదై ఉండాలి, దానికి రోడ్డు మీద తిరగొచ్చనే తనిఖీ కాగితం ఉండాలి, వచ్చే సోమవారం లోగా చూపించాలి అన్నారు. ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అది పోతే ఇంకోటి లేదని ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

కారు చూస్తే, పొగగొట్టం ఇంజను దగ్గర్నుంచి తోక దాకా తుప్పుపట్టి జల్లెడైపోయింది. స్టార్టు చేస్తే చాలు, పక్కింటి పసిపిల్ల లేచి ఏడుపు అందుకునేది. కొత్తది కొందామంటే ఆ రకం కార్లు చెయ్యడం మానేసి ఎన్నేళ్లయిందో! పాత సామాన్ల కొట్లన్నీ గాలించినా దొరకలేదు.

"దొరక్కపోతే ఏం, నేనే చేస్తా. గొట్టమేగా!" అన్నాడు బాబాయి.

పెరట్లో కారుని దిమ్మల మీదికెత్తి కిందకి దూరాడు. పాత గొట్టం వంపుల్ని అట్టముక్క మీద గీసుకున్నాడు. గొట్టం వంచే మిషను లేదు కాబట్టి, ఇనప గొట్టంలో ఇసక దట్టించి, రెండు చివరలా బిగించి, ఎర్రగా కాల్చి మెల్లమెల్లగా వంచాడు. ఒట్టిగా వంచితే నొక్కుకుపోతుంది మరి. సన్నటి రాడ్డుతో అతుకులు పెట్టుకుంటూ వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ ఆయన మొహంలో మళ్లీ కళ వచ్చింది. ఆవిడ రెండుమూడుసార్లు టీ పట్టుకొచ్చి, ఊరికే నిలబడి చూసి వెళ్లింది.

ఆవిడ తమ్ముడు బస్సు డిపోలో మెకానిక్కు. వస్తూ వస్తూ గుప్పెడు రబ్బరు కొక్కేలు తెచ్చాడు.

"బావా, గొట్టాన్ని వీటికి వేలాడదియ్యి. ఇంజను ఊగుతుంది కదా, గొట్టం కూడా దాంతో పాటు ఊగాలి."

"ఊగకుండా నిలబెట్టడమే కదరా నా వృత్తి! పని రానివాడు కనిపెట్టాడు ఈ రబ్బర్లు. ఊగిందంటే అతుకు బాలేదన్నమాట."

"అది గేటు కాదు బావా."

"ఒరేయ్, నువ్వు పుట్టకముందు నుంచీ ఇనుముతో కాపురం చేస్తున్నాను. నాకు చెబుతావా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషితో ఏం వాదిస్తాడు పాపం! రబ్బర్లు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. బాబాయి ఇనప పట్టీలు కోసి, గొట్టాన్ని కారు అడుగు రేకుకి ఐదుచోట్ల పక్కాగా వెల్డింగు చేసేశాడు. పట్టుకుని లాగి చూశాడు. మిల్లీమీటరు కదిలితే ఒట్టు.

శుక్రవారం బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకుని తనిఖీ కేంద్రానికి వెళ్లాడు. శబ్దం పరీక్ష నెగ్గింది. పొగ పరీక్ష నెగ్గింది. బాబాయి బావమరిది వైపు చూసి మీసం తిప్పాడు. ఇక మిగిలింది బ్రేకులు. తనిఖీ అధికారి కారుని వేగంగా పోనిచ్చి ఒక్కసారిగా తొక్కాడు. ఇంజను ముందుకి ఊగింది. కింద పర్రుమని గుడ్డ చింపినట్టు చప్పుడైంది.

కారుని, అడుగుభాగం చూడ్డానికి తవ్విన గుంత మీదికి తెచ్చి, అధికారీ వీళ్లిద్దరూ కిందకి దిగి చూశారు. గొట్టం భేషుగ్గా ఉంది. అతుకు ఒక్కటీ చెక్కుచెదరలేదు. పట్టీలు పట్టుకున్న చోటల్లా అడుగు రేకే చీలి, చట్రం దాకా చిరుగు పాకింది. పైన సీటు కింది కార్పెట్టు కనబడుతోంది.

"ఈ వెల్డింగు ఎవరు చేశారండీ? ఇంత గట్టి పని నేనెక్కడా చూడలేదు" అన్నాడు అధికారి. వెటకారమేమీ లేదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. "రబ్బర్లకి వేలాడదీసుంటే ఏం అయ్యేది కాదు. పోనీ అతుకు ఊడినా, మళ్లీ పెట్టుకుని వచ్చేవారు. చట్రం చిరిగాక ఇక రోడ్డెక్కనివ్వకూడదు. తుక్కుకి పంపాల్సిందే."

కారుని అక్కడే వదిలేసి బస్సులో ఇంటికొచ్చారు. దారిపొడుగునా బావమరిది నోరు విప్పలేదు. నేను చెప్పలేదా అని ఒక్కమాట అనుంటే, తిట్టుకోవడానికైనా వీలుండేది బాబాయికి.

ఆవిడ అన్నం వడ్డించి అంతా విన్నది. ఏడవలేదు, అరవలేదు.

"ఆస్పత్రికి ఫోను చేశారా?"

"చేశాను. ఇంకెవరినో చూసుకుంటామన్నారు."

ఆవిడ ఆయన కంచంలో మజ్జిగ పోసింది.

"మీకు పని ఇంత బాగా రాకపోయినా బతికిపోయేవాళ్లమండీ" అంది.

ఆయనకి కోపం రాలేదు. "అవునే" అని, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.