సత్యవతి గారి మధ్యాహ్న భోజనం

2023, వేసవి చివర. మధురవాడలో ఐటీ ఆఫీసుల వరస దాటాక, కొండను ఆనుకుని ఉన్న మూడంతస్తుల భవనంలో మా ల్యాబ్ ఉండేది. ఒంట్లోకి ఇన్సులిన్‌ను తనంతట తానే పంపించే పరికరాన్ని మేం తయారుచేస్తున్నాం. దాన్ని పరీక్షించే ఇంజనీర్లలో నేనొకదాన్ని. మల్కాపురంలో వెల్డింగ్ పని చేసే మా నాన్నను చర్చిలో ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే, "మా సునీత లేని రోగులకి వైద్యం సేస్తాది" అని నవ్వేవాడు. అందులో అబద్ధమేం లేదు.

ఆ పరికరంలో మూడు భాగాలుంటాయి. చేతికి అంటించుకునే సెన్సర్ ఐదు నిమిషాలకోసారి షుగర్ ఎంతుందో చెబుతుంది. నడుముకు తగిలించుకునే పంప్ సన్నటి గొట్టం గుండా ఇన్సులిన్‌ను కొంచెం కొంచెంగా పంపుతుంది. ఎప్పుడు ఎంత పంపాలో నిర్ణయించేది అల్గారిథమ్, అంటే లోపలి ప్రోగ్రామ్. భోజనం సంగతి మాత్రం వాడేవాళ్లే పంప్ మీద బటన్ నొక్కి ముందుగా చెప్పాలి, అప్పుడు దానికి సరిపడా ఇన్సులిన్ వెళ్తుంది. మనుషులకు పెట్టే ముందు దీన్ని సిమ్యులేటర్ మీద నడుపుతాం. అందులో కంప్యూటర్ సృష్టించిన వర్చువల్ పేషెంట్లు ఉంటారు. ఒకరికి ఇన్సులిన్ త్వరగా ఎక్కుతుంది, ఇంకొకరికి ఆలస్యంగా. వాళ్లు పొద్దున ఎనిమిదింటికి టిఫిను, ఒంటిగంటకు భోజనం చేస్తారు. సెన్సర్ ఊడిపోయినట్టు, గొట్టం మడతపడినట్టు, బ్యాటరీ అయిపోయినట్టు, ఊహకు వచ్చిన కష్టాలన్నీ వాళ్లకు పెట్టి చూశాం. పరికరం అన్నిటికీ తట్టుకుంది. మాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

ఆ తర్వాత డాక్టర్ల పర్యవేక్షణలో కొద్దిమంది నిజమైన మనుషులకు పెట్టాం. వాళ్లలో సత్యవతి గారు ఒకరు. వయసు నలభైకి దగ్గర. ఊరు పద్మనాభం. సిటీ బస్సులో కండక్టర్. పంతొమ్మిదో ఏట ఆమెకు టైప్ వన్ షుగర్ బయటపడింది. ఒంట్లో ఇన్సులిన్ తయారుకాదు. బయటినుంచి ఇచ్చి తీరాలి. పరికరం పెట్టిన రోజున ఆమె పంప్‌ను అరచేతిలో పెట్టుకుని, "ఇరవై ఏళ్లయిందమ్మా, డిపోలో ఆడోళ్ల గది తలుపేసుకుని సూది గుచ్చుకుంతన్నాను. ఇంక తలుపెయ్యక్కర్లేదు గదా?" అంది.

"అక్కర్లేదండీ" అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు చాలా సంతోషం వేసింది.

మూడో వారం ఆమె గ్రాఫును మా గదిలో అందరం ఒకటికి రెండుసార్లు చూశాం. నాలుగు మధ్యాహ్నాలు షుగర్ బాగా కిందికి పడిపోయింది. మా భాషలో దాన్ని 'లో' అంటాం. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మాట తడబడుతుంది. ఆలస్యమైతే మనిషి స్పృహ తప్పుతుంది. ఈమె పని కదిలే బస్సులో, తలుపు దగ్గర.

సిమ్యులేటర్‌లో ఆమె కొలతలే పెట్టి, ఆమె నమోదు చేసిన భోజనాలే పెట్టి నడిపాను. ఒక్క 'లో' కూడా రాలేదు. పంప్ ఎక్కువ పోస్తోందేమోనని అలాంటిదే ఇంకొకటి తెచ్చి, బయటికొచ్చే ఇన్సులిన్‌ను సున్నితమైన త్రాసు మీద తూచి చూశాం. సరిగ్గానే ఉంది. మా టీమ్ లీడ్ మూర్తి గారు మంచి మనిషే గాని తొందర మనిషి. రిపోర్టులో 'యూజర్ ఎర్రర్' అని రాశారు. వాడేవాళ్ల పొరపాటు అని అర్థం. అలా రాస్తే తర్వాతి అడుగు ఏమిటో మాకందరికీ తెలుసు. భద్రత కోసం ఆమె దగ్గర్నుంచి పరికరం వెనక్కి తీసుకుంటారు.

ఫోన్ చేశాను. "భోజనానికి ముందు బటన్ నొక్కుతున్నారా?"

"నొక్కుతున్నానమ్మా. పావుగంట ముందు నొక్కమన్నారు గదా. మీరెలా సెప్పినారో అలాగే సేత్తన్నాను." తర్వాత మెల్లగా అడిగింది. "ఏటమ్మా, మిసను తీసీసుకుంతారా?"

మూర్తి గారిని రెండు రోజులు ఆగమని అడిగాను. డాక్టర్ గారు ఆలోగా పంప్ ఇచ్చే మోతాదు తగ్గించారు. మర్నాడు మధురవాడలో ఆమె బస్సెక్కాను. సంచిలో షుగర్ పడిపోతే తాగించడానికి రెండు జ్యూస్ ప్యాకెట్లు, చేతిలో ఆమె రీడింగులు కనబడే ఫోను.

బస్సు నడుపుతున్నాయన పేరు కరీం. మా సిటీలోనే పాత టౌను మనిషి. గడ్డం నెరిసింది. మూడేళ్లుగా ఇద్దరిదీ ఒకే బస్సు. ఆమె ఆయన్ను అన్నయ్య అంటుంది, ఆయన ఆమెను సెల్లీ అంటాడు. ఆనందపురం దగ్గర లారీలు ఆగిపోయి ట్రాఫిక్ కదల్లేదు. ఎలాగో బయటపడ్డాక సత్యవతి గారు గడియారం చూసుకుని, చీర కొంగు పక్కనుంచి పంప్ తీసి భోజనం బటన్ నొక్కింది. "సివరి స్టాపుకి ఇంకో పావుగంటమ్మా. దిగగానే తినీడమే" అంది నాతో. నేర్పింది నేర్పినట్టు, ఒక్క నిమిషం తేడా లేకుండా చేసింది.

పద్మనాభం చేరేసరికి, బస్సు తిరిగి బయల్దేరాల్సిన సమయం దాటిపోయింది. స్టాపు నిండా జనం. కాలేజీ పిల్లలు, కూరల గంపలు, చంటిబిడ్డతో ఒకావిడ. సత్యవతి గారు డబ్బా మూత తీసింది. వంకాయ కూర, అన్నం. ఈలోగా బస్సుల వేళలు చూసే టైమ్ కీపర్ కిటికీ మీద తట్టాడు. "బయల్దేరండమ్మా, యెనకాల బండొచ్చీసింది!"

ఆమె మూత పెట్టేసింది.

ఇన్సులిన్ అప్పటికే లోపలికి పోయింది. దాని కోసం అన్నం రావాలి. "తినండి సత్యవతి గారూ, నాలుగు ముద్దలైనా తినండి" అన్నాను.

"జనం నిలబడుంటే నాను కూకుని ఎలా తింతానమ్మా? ఆనందపురంలో సూద్దాం."

జ్యూస్ ప్యాకెట్ అందించబోయాను. అంతలో జనం ఎక్కేశారు. తోపులాటలో నేను వెనక సీట్ల దాకా వెళ్లిపోయాను. ఆమె ముందు తలుపు దగ్గర ఉంది. ఫోన్‌లో రీడింగు ఇంకా బాగానే ఉంది, కాకపోతే పక్కన బాణం గుర్తు కిందికి తిరిగింది. నేను మనుషుల మధ్యనుంచి "కొంచెం జరగండి, కొంచెం జరగండి" అంటూ ముందుకు నడవసాగాను. సగం దూరం వచ్చానో లేదో, బస్సు స్టాపు లేని చోట ఆగిపోయింది.

కరీం భాయ్ ఇంజను ఆపి, సీటు పక్కనున్న డబ్బాలోంచి బెల్లంముక్క తీసి వెనక్కి తిరిగాడు. "కూకో సెల్లీ. ముందిది నోట్లో ఎట్టుకో."

సత్యవతి గారు మెట్టు మీద కూర్చుండిపోయింది. నుదుటి మీద చెమట. బెల్లం అందుకునే చెయ్యి వణుకుతోంది. నేను వెళ్లి ఆమె పక్కన కూర్చుని జ్యూస్ తాగించాను. అప్పుడు, అంతా అయ్యాక, మా పరికరం బీప్‌మంది.

సెన్సర్ చర్మం కింద కొలుస్తుంది కాబట్టి రక్తంలో మార్పు దానికి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. అది నేను పుస్తకంలో చదివిందే. కానీ ఒక డ్రైవరు రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండా దానికంటే ముందే పసిగట్టడం ఏ పుస్తకంలోనూ లేదు.

ఆమె తేరుకుని అన్నం తింటుంటే అడిగాను. "భాయ్, మీకెలా తెలిసింది?"

ఆయన సిగ్గుపడ్డాడు. "గొంతులో తెలుస్తాదమ్మా. రైట్ రైట్ అని రెండుసార్లు అంతాది ఎప్పుడూ. సుగరు దిగితే ఒక్కసారే అంతాది. రెండోసారికి ఓపిక సాలదు."

చంటిబిడ్డతో ఉన్నావిడ లేచి సత్యవతి గారికి సీటిచ్చింది. బస్సులో ఒక్కరూ విసుక్కోలేదు. ఆమె మాత్రం తల దించుకుని, "మీకు ముందే సెప్పాల్సింది. సెప్తే మిసను తీసీసుకుంతారని బయ్యమేసింది" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "తప్పు మీది కాదండీ. పావుగంట ముందు నొక్కమన్నది మేము. ఆ పావుగంట మీ చేతిలో ఉందో లేదో అడగలేదు."

ఆ సాయంత్రమే డాక్టర్ గారికి చెప్పాను. డబ్బా తెరిచి ముద్ద చేతిలోకి తీసుకున్నాకే బటన్ నొక్కమని ఆయన ఆమెకు చెప్పారు. షుగర్ కాస్త పెరిగినా ఫర్వాలేదన్నారు. మర్నాడు సిమ్యులేటర్‌లో ఒక కొత్త పేషెంటును తయారుచేశాను. భోజనం అని నొక్కుతుంది, ముప్పావుగంట దాకా తినదు. ఒక్కోసారి అసలే తినదు. నడపగానే తెర మీద గ్రాఫు సత్యవతి గారి గ్రాఫులాగే జారింది. మా వర్చువల్ పేషెంట్లందరూ ఇన్నాళ్లూ చెప్పిన టైముకు చెప్పినంత తిన్నారు. వాళ్ల కిటికీ మీద తట్టి బయల్దేరమన్నవాళ్లు ఎవరూ లేరు.

మూర్తి గారు నా కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూశారు. తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్లి, 'యూజర్ ఎర్రర్' అన్న మాట కొట్టేసి, 'మనం పరీక్షించని సందర్భం' అని ఆయనే రాశారు. పరికరం సత్యవతి గారి దగ్గరే ఉండిపోయింది.

మార్పుకు నెలలు పట్టింది. ఇప్పుడు బటన్ నొక్కగానే పంప్ ఇన్సులిన్‌లో చిన్న వంతు మాత్రమే ఇస్తుంది. మిగతాది ఆపి ఉంచి, తినడం మొదలైందా అని అడుగుతుంది. అవునంటేనే ఇస్తుంది. తెర మీద 'ఆహార స్వీకరణ ప్రారంభమైనదా?' అని రాశాం. సత్యవతి గారికి చూపిస్తే ఫక్కున నవ్వింది. "ఇదేటమ్మా, కలెక్టరాఫీసు కాగితంలా ఉంది! తిన్నావా అని అడగండి, సాలు." అలాగే మార్చాం.

పోయిన ఏడాది కరీం భాయ్ రిటైరయ్యాడు. చివరి వారంలో నాకు ఫోన్ చేశాడు. పలకరింపులయ్యాక గొంతు తగ్గించి అడిగాడు. "అమ్మా, నాను ఎల్లిపోనాక మీ మిసను సెల్లిని సూసుకుంతాదా? నిజం సెప్పు."

వృత్తిలో నన్ను చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు, ఇంత కష్టమైనది ఎవరూ అడగలేదు. "ముందుకంటే బాగా చూసుకుంటుంది భాయ్. షుగర్ పడిపోకుండా చాలావరకు ఆపుతుంది. కానీ మీ అంత తొందరగా కనిపెట్టలేదు."

"అయితే కొత్త డ్రైవరుకి నాను సెప్తాలే" అన్నాడు.

చెప్పాడు కూడా. ఆ వారంలోనే తన సెలవు రోజున ఇంటినుంచి వచ్చి, మామూలు ప్యాసింజర్‌లా టికెట్ తీసుకుని, కొత్త డ్రైవరు వెనక సీట్లో కూర్చుని ఒక ట్రిప్పంతా ప్రయాణం చేశాడట. ఆమె గొంతు ఎలా వినాలో ఆ కుర్రాడికి నేర్పాడట. ఇది సత్యవతి గారే చెబుతూ, మధ్యలో ముక్కు చీదుకుంది.

మనిషి చేసే కాపలా అంతా మా పరికరం చేసేస్తుందని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నమ్మేదాన్ని. ఇప్పుడు అలా అనుకోను. కాపలా కాసేవాళ్ల వరసలో అదీ ఒకటి. ఆ వరసలో తన వంతు పని నమ్మకంగా చేస్తుందా లేదా అన్నదే నేను పరీక్షించాల్సింది. అందుకే కొత్తగా ఎవరి గ్రాఫు నా ముందుకొచ్చినా, అంకెలు చూసేకంటే ముందు ఆ మనిషికి ఫోన్ చేసి అడుగుతాను: మీకు బాగోలేదని అందరికంటే ముందు ఎవరికి తెలుస్తుంది?