ట్యాంకులో మిగిలిన పెట్రోలు

చలికాలమంతా మూలనపడున్న గడ్డి కోసే మిషను ట్యాంకు మూత తీస్తే, పాతబడిన పెట్రోలు పుల్లటి వాసన గుప్పుమంది. చిన్నప్పుడు మైపాడులో మా పడవ ఇంజనుదీ ఇదే వాసన.

సముద్రంలో రెండు నెలల చేపలవేట నిషేధం మొదలైన రోజు నాయన ఇంజను ఇంటికి మోసుకొచ్చినాడు.

"ట్యాంకు వంచెయ్ బావా, పెట్రోలు చెడిపోద్ది," అన్నాడు మేనమామ.

"పాప ఎత్తుకోమని ఏడస్తా ఉంది. రేపు వంచుతాలే," అని నాయన నన్ను భుజానేసుకున్నాడు. తర్వాత మరిచిపోయినాడు.

నిషేధం తీరినాక పడవలన్నీ కదిలినాయి. చేతులు బొబ్బలెక్కేదాకా నాయన తాడు లాగినా మా ఇంజను పలకలేదు. నాయన ఇంక ఇంట్లోనే ఉంటాడని నేను గంతులేసి చప్పట్లు కొట్టినా. ఆయన నాకేసి చూసి నవ్వినాడు.

ఆ సాయంత్రం తన మతిమరుపునే తిట్టుకున్నాడు. నా ఏడుపు మాట గానీ, చప్పట్ల మాట గానీ తను చనిపోయేదాకా ఎత్తలేదు.